మా వదిన ఎడమ చెయ్యి

మా వదిన అరచేతులకు చెమట పట్టదు. మండుటెండలో, కరెంటు పోయిన గదిలో కూర్చోబెట్టినా ముఖం మీంచి ధారలు కారతాయే తప్ప చేతులు మాత్రం అప్పుడే తుడిచిన పలకలా పొడిగా ఉంటాయి. ఫిల్మ్ ల్యాబ్‌లో ఆవిడకు ఉద్యోగం వచ్చింది ఈ ఒక్క గుణం వల్లే. చదువు అడగలేదు, అనుభవం అడగలేదు. అక్కడి పెద్దాయన ఆవిడ రెండు చేతుల్నీ గాజు బల్ల మీద బోర్లించమని, పది నిమిషాలయ్యాక తీయమని, గాజు మీద మరక పడలేదని వంగి వంగి చూసి, "రేపట్నుంచి రామ్మా" అన్నాడట.

నేనూ అదే ల్యాబ్‌లో, సినిమాహాళ్ళకు వెళ్ళే ప్రింట్లు తీసే సెక్షన్లో పనిచేశాను. అంటే మా అన్నయ్య భార్య నాకు ఇంట్లో వదిన, ఆఫీసులో సీనియర్. రెండు చోట్లా ఆవిడ మాటే చెల్లేది. ఆడపడుచుగా నేను చూపించాల్సిన దర్పమంతా పొద్దున్న బస్సులో దొరికే అరగంటలోనే చూపించుకునేదాన్ని. ఇప్పుడు ఆవిడ కథ చెప్పే అవకాశం నా చేతికొచ్చింది కాబట్టి పాత కక్షలన్నీ తీర్చుకుంటాను. మొదటి మాట: మా వదిన పొట్టి. ల్యాబ్‌లో ఏ కుర్చీలో కూర్చున్నా కాళ్ళు గాల్లో వేలాడేవి.

ఆవిడ పనేమిటో చెప్పకపోతే మిగతా కథంతా గాలికి పోతుంది. కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మే నెగెటివ్. అది లోకంలో ఒక్కటే ఉంటుంది. దానికి కాపీ తీసి ఎడిటర్‌కి ఇస్తారు. ఆయన ఆ కాపీని కోసుకుంటాడు, టేపుతో అంటించుకుంటాడు, మళ్ళీ పీక్కుంటాడు, ఆయన ఇష్టం. ఆయన ఆట ముగిశాక, ఆ కాపీ అంచున అడుగుకొకటి చొప్పున ఉండే నంబర్లు చూసుకుంటూ, అసలు నెగెటివ్‌ను అచ్చం అలాగే కోసి అతికించేది మా వదిన. అక్కడ టేపు లేదు, సిమెంటు అని పిలిచే ఘాటైన జిగురు. కోసిన ప్రతిచోటా ఒక ఫ్రేము, అంటే సెకనులో ఇరవై నాలుగో వంతు బొమ్మ, రెండు ముక్కలై చచ్చిపోతుంది. పొరపాటున కోసి మళ్ళీ అతికిద్దామంటే ఆ బొమ్మ ఇక లేదు. తెర మీద నడుస్తున్న మనిషి ఆ చోట ఎక్కిళ్ళు వచ్చినట్టు గెంతుతాడు. కోట్లమంది చూస్తారు. ఎప్పటికీ చూస్తూనే ఉంటారు.

అందుకని తెల్ల గ్లౌజులు వేసుకుని, నంబరు పైకి మూడుసార్లు చదివి, ఊపిరి బిగబట్టి అప్పుడు కత్తెర వేసేది. ల్యాబంతా ఆవిడను గ్లౌజమ్మ అని పిలిచేవాళ్ళు. అక్కడ డ్యామేజి రిజిస్టర్ అని ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఎవరి చేతిలో ఫిల్ము పాడైతే వాళ్ళ పేజీలో రాసి సంతకం పెట్టాలి. నా పేజీ నిండి, దానికి ఇంకో కాగితం అంటించారు. మా వదిన పేజీ ఇరవై రెండేళ్ళుగా తెల్లగా ఉండేది.

ఈ ఉద్యోగం ఆవిడ ఒంటికి పట్టేసింది. ఏదైనా దరఖాస్తు మీద సంతకం పెట్టాలంటే ముందు చిత్తు కాగితం మీద నాలుగుసార్లు పెట్టి చూసుకునేది. అన్నయ్య పుట్టినరోజు కేకును స్కేలుతో కొలిచి, "సగం, సగం, సగం" అని మూడుసార్లు అనుకుని చాకు దించేలోపు కొవ్వొత్తులన్నీ కరిగి కేకులో కలిసిపోయేవి. హాల్లో కిటికీకి కర్టెన్ ఏ రంగుది కొనాలా అని మూడేళ్ళు ఆలోచించింది. ఈలోగా ఎండకు మా సోఫా ఒక పక్క తెల్లబడిపోయింది.

మా అన్నయ్య టైలరు. ఆయనకు ఈ భయం వింతగా ఉండేది. "నేను బట్ట కోసేటప్పుడు లోపల అరంగుళం వదుల్తాను. మనిషి లావైతే విప్పుకోవచ్చు. మీ సినిమావాళ్ళు ఆ మాత్రం కూడా వదలరా?" అని అడిగేవాడు.

"వదలం. మా దగ్గర ఎవరూ లావవ్వరు" అనేది మా వదిన.

ఆవిడకు ఒక రహస్య రోగం ఉండేది, అది నాకొక్కదానికే తెలుసు. ఎడిటర్ గుర్తు పెట్టిన చోట నోరు మూసుకుని కోసేది కదా, బస్సెక్కగానే నా చెవిలో మొదలుపెట్టేది. "ఆ తల్లి తలుపు వేసే షాటు ఇంకో అర సెకను ఉండనివ్వాలి. తొందరపడి కోసేశారు." ఇంకోరోజు, "ఆ నవ్వు మొదలవ్వకముందే కోసేస్తే మనకేం మిగుల్తుంది?" ఇలా ఇరవై రెండేళ్ళు.

"వెళ్ళి ఎడిటర్ గారికే చెప్పొచ్చుగా వదినా!"

"నన్నెవరడిగారు?" అని కిటికీలోంచి చూసేది. కోసేది ఆవిడ, ఎక్కడ కొయ్యాలో చెప్పేది వేరేవాళ్ళు. ఒక్కసారైనా ఎక్కడ కొయ్యాలో తనే చెప్పాలని ఆవిడకు ఎంత ఆశో, నాకు బాగా తెలుసు.

అలాంటి రోజుల్లో పై అంతస్తులోకి కంప్యూటర్ వచ్చింది. ఇన్నేళ్ళుగా మేం చెమటలు కక్కుతుంటే ఫ్యానుకి మూడో రెక్క వేయించని యాజమాన్యం, ఆ పెట్టె కోసం గదంతా ఏసీ పెట్టించింది. చెప్పులు బయట విప్పాలి, గట్టిగా తుమ్మకూడదు. దాన్ని నడపడానికి చదువుకున్న ఒక అమ్మాయిని తీసుకున్నారు. ఎడిటర్ గారు మొదట ఒంటికాలి మీద లేచారు. ఆయనెప్పుడూ మెడ చుట్టూ ఫిల్ము ముక్కలు వేలాడేసుకుని, చొక్కా జేబుల్లో ఇంకొన్ని కుక్కుకుని తిరిగే మనిషి. నాలుగు ఫ్రేముల ముక్క ఒకటి పోయిందని పూటంతా గది తలకిందులు చేసి, చివరికి తన జోడు అడుగున అంటుకుని ఉంటే చూసుకున్న రోజులున్నాయి. "టీవీ పెట్టెలో సినిమా కోస్తారా? చూస్తాను, చూస్తాను" అన్నారు. చూశారు. వారం తిరక్కుండా మెడ ఖాళీ అయింది, జేబులు ఖాళీ అయ్యాయి, ఆయన ఆ గదిలోంచి బయటికి రావడం మానేశారు.

ఒకరోజు భోజనాల వేళ ఏవో అంచు నంబర్లు అడగడానికి మా వదినను పైకి పిలిపించారు. నేనూ తోక పట్టుకుని వెళ్ళాను. తెర మీద ఒకడు మెట్లు దిగుతున్నాడు. అమ్మాయి టక్కున ఒక మీట నొక్కింది. మెట్ల మధ్యలో మనిషి తెగిపోయాడు. మా వదిన నా భుజం పట్టుకుంది.

"అబ్బే, ఇక్కడ కాదు" అని అమ్మాయి ఎడమ చేతి రెండు వేళ్ళతో ఇంకో రెండు మీటలు నొక్కింది. తెగినవాడు తెగనట్టే మెట్లన్నీ దిగి వెళ్ళిపోయాడు.

మా వదిన కుర్చీలో కూలబడింది. "అమ్మాయ్, ఇప్పుడేం చేశావు?"

"కంట్రోల్ జెడ్ అక్కా. చేసింది చెయ్యనట్టు అయిపోతుంది."

"ఫ్రేము పోలేదూ?"

"ఏదీ పోదక్కా."

"మళ్ళీ చెయ్యి."

చేసింది. "మళ్ళీ" అంది మా వదిన. పదిహేడుసార్లు ఆ మెట్లమీది మనిషిని నరికించింది, పదిహేడుసార్లు బతికించింది. పద్దెనిమిదోసారి తనే నొక్కింది. చిటికెన వేలు ఒక మీట మీద, దాని పక్క వేలు ఇంకో మీట మీద. నొక్కి, నవ్వు మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగి, గాల్లో వేలాడే కాళ్ళు కొట్టుకుని, చివరికి ఎక్కిళ్ళు వచ్చాయి. నాకూ నవ్వాగలేదు. ఇరవై రెండేళ్ళుగా బిగబట్టిన ఊపిరంతా ఆ ఏసీ గదిలో ఒక్కసారి వదిలేసింది మనిషి.

ఆ రోజు నుంచి భోజనం మానేసి పైకి పరుగెత్తేది. అమ్మాయి మంచిది, పక్కన ఖాళీగా ఉన్న రెండో కుర్చీలో కూర్చోబెట్టుకుని పనికిరాని షాట్లు ఇచ్చి ఆడుకోమనేది. ఆవిడ ఆడుకున్న తీరు చూడాలి! కోసేది, తిప్పి కలిపేది, వెనకది ముందుకు తెచ్చేది, ఏడ్చేవాడి పక్కన నవ్వేవాణ్ణి పెట్టేది, "ఛీ, బాలేదు" అని రెండు వేళ్ళతో అంతా చెరిపేసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది.

పిచ్చి మెల్లగా మెట్లు దిగి ఇంటికొచ్చింది. మూడేళ్ళ కర్టెన్ ఐదు నిమిషాల్లో కొనేసింది. పచ్చటి పసుపు రంగు, కిటికీకి మూరెడు పొట్టి. "పోనీలే, మీ అన్నయ్య ఉన్నాడుగా, అంచు వేస్తాడు" అంది. దరఖాస్తుల మీద చూడకుండా సంతకాలు గిలికింది. ఒక పొద్దున నన్ను చెయ్యి పట్టుకుని లాగి మాది కాని బస్సెక్కించింది.

"ఇది మన బస్సు కాదు వదినా!"

"తెలుసు. ఎక్కడికి పోతుందో చూద్దాం. దిగి వెనక్కి రావచ్చుగా."

అది ఏదో సబ్బుల ఫ్యాక్టరీ దాకా పోయింది. ఇద్దరం గేటు ముందు నిలబడి కడుపులు పట్టుకుని నవ్వుకుని వెనక్కొచ్చాం. ఆలస్యానికి మేనేజర్ నన్ను తిట్టాడు, ఆవిడను తిట్టలేదు. తెల్ల పేజీ మనిషి కదా.

ఆపైన జుట్టు. నడుం దాటే జడను పోయి భుజాల దాకా కత్తిరించుకుని వచ్చింది. అన్నయ్య మెడలో టేపుతో అలాగే గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఎంత కోసేశావే! అంచు కూడా వదల్లేదు!"

"జుట్టుకీ కంట్రోల్ జెడ్ ఉందండీ. కాస్త మెల్లగా పనిచేస్తుంది, అంతే" అని తల విదిలించి చూపించింది. అన్నయ్య ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "బానే ఉందిలే" అని లోపలికి పోయాడు. ఆ సాయంత్రమంతా మిషను తొక్కుతూ ఈల వేశాడు, నేను విన్నాను.

కానీ ఒకటి గమనించాను. టీ ఒలికినా, గిన్నె జారినా, ఆవిడ ఎడమ చెయ్యి తనంతట తనే పక్కనున్న దేని మీదనో రెండు వేళ్ళు నొక్కేది. ముందు నవ్వుకున్నాం. తర్వాత అలవాటైపోయింది.

పిచ్చి ఆవిడ ఒక్కదానికే పట్టలేదు. ఆ పెట్టెలో ముస్తాబవుతున్నది మా ల్యాబ్‌లో కంప్యూటర్ మీద కోసిన మొట్టమొదటి సినిమా. ఎడిటర్ గారు, డైరెక్టరు కలిసి ఒకే పాటను పద్నాలుగు రకాలుగా కోసి పెట్టుకుని ఏది బాగుందో తేల్చుకోలేక జుట్టు పీక్కునేవాళ్ళు. పూర్వం ఒక షాటు మార్చాలంటే గంట పట్టేది కాబట్టి బద్ధకం కొద్దీ అయినా ఎక్కడో ఆగేవాళ్ళు. ఇప్పుడు ఎవరాపుతారు? నెగెటివ్ కొయ్యడానికి కంప్యూటర్ నుంచి నంబర్ల లిస్టు అచ్చయి కిందికి రావాలి. మొదట "ఫైనల్" అని వచ్చింది. మర్నాడు "కొత్త ఫైనల్". వారానికి "అసలు ఫైనల్". ఆపైన "ఇదే ఫైనల్". చివరిదాని మీద ఎడిటర్ గారు స్వహస్తాలతో "ఒట్టు" అని రాసి పంపించారు.

ఆ ఒట్టు లిస్టును మా వదిన గంటసేపు చదివి, కాగితాలు పట్టుకుని మేనేజర్ గదిలోకే వెళ్ళింది. ఎడిటర్ గారు అక్కడే ఉన్నారు.

"సార్, హీరోయిన్ వెనక్కి తిరిగి చూసే షాటు మూడో రీల్లో పెట్టారు, మళ్ళీ తొమ్మిదో రీల్లోనూ పెట్టారు. కంప్యూటర్లో ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. నా దగ్గరున్న నెగెటివ్ ముక్క ఒక్కటే. దానికి కవల పుట్టలేదు."

ఎడిటర్ గారు నాలుక్కరుచుకున్నారు. అలాంటివి లిస్టులో ఇంకో ఆరు పట్టుకుంది మా వదిన. మేనేజర్‌కి చెమటలు పోశాయి. పైన కూర్చునేవాళ్ళకు కింద పని తెలియదు, కింద కోసేవాళ్ళకు పైన పని తెలియదు, రెండూ తెలిసిన మనిషి ఒకరు ఆ రెండో కుర్చీలో ఉండాలని ఆయనకు అప్పుడు తట్టింది.

"గ్లౌజమ్మా, ఆ కుర్చీ నీకిస్తాను. కానీ ఒక్క మాట. ఇది మొదటి సినిమా, అందరి కళ్ళూ దీని మీదే. నెగెటివ్ మీద ఒక్క పొరపాటు కూడా లేకుండా దించెయ్యి. రిజిస్టర్లో ఒక్క గీత పడిందా, బయటినుంచి మనిషిని తెచ్చుకుంటాను."

బస్సులో ఆవిడ నా చెయ్యి నలిపేసింది. ఎక్కడ కొయ్యాలో చెప్పే కుర్చీ! ఇరవై రెండేళ్ళలో కుర్చీ మాట ఎత్తిన మనిషే లేడు.

పదకొండు రోజులు దీక్షగా కోసింది. నంబరు మూడుసార్లు, ఊపిరి బిగింపు, కత్తెర. ఒక్క తేడా లేదు. కాకపోతే భోజనాల వేళ పైకి పోవడం మాత్రం మానలేదు. ఆ సినిమాలో ఒక సైకిల్ సీను ఉంది. తండ్రి కూతురికి సైకిల్ నేర్పుతుంటాడు, సీటు పట్టుకుని వెనక పరుగెడతాడు, ఒకచోట చెయ్యి వదిలేస్తాడు, ఆ పిల్లకు తెలియదు. ఎడిటర్ గారు చెయ్యి వదలగానే కోసేసి సైకిల్ దూరంగా పోవడం చూపించారు. మా వదినకు అది మింగుడు పడలేదు. వదిలిన చెయ్యి ఇంకాసేపు గాల్లో ఉండాలంటుంది. పైన కూర్చుని నలభై రకాలుగా కోసి చూసుకుంది. నలభై ఒకటోసారి తండ్రి సీటు పట్టుకుని పరుగెడుతుండగానే మధ్యలో ఎవరూ వాడని ఒక షాటు, ఆ పిల్ల ముఖం, పెట్టి, మళ్ళీ చెయ్యి దగ్గరికి వచ్చి, చెయ్యి వదిలాక ఖాళీ వేళ్ళను అలాగే ఉంచింది. చూసుకుని, "నాదెవరు చూస్తార్లే" అని రెండు వేళ్ళతో చెరిపేసి కిందికి దిగింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం బల్ల మీద ఉన్నది అదే రీలు. నేను ప్రింటింగుకి డబ్బాలు తీసుకుపోదామని వెళ్ళాను. మా వదిన సన్నగా పాడుకుంటోంది. లిస్టు చూసింది, నంబరు చదివింది. ఒక్కసారే చదివింది. నాకు ఏదో వెలితిగా అనిపించింది గానీ ఏమిటో తట్టేలోపు కత్తెర పడింది.

నంబరు సరిగ్గానే చూసింది. ఆ నంబరు దగ్గర్నుంచి పద్నాలుగు ఫ్రేములు లెక్కపెట్టి కొయ్యాలి. చూపు కింది వరసకు జారి, అక్కడున్న మూడు తీసుకుంది. పదకొండు ఫ్రేములు ముందు కోసేసింది. తండ్రి చెయ్యి సీటు వదిలేది సరిగ్గా ఆ పదకొండు ఫ్రేముల్లోనే.

అప్పుడు ఆవిడ ఎడమ చెయ్యి కదిలింది. గ్లౌజు తొడిగిన రెండు వేళ్ళు గాజు బల్ల మీద నొక్కాయి. టక్. ఫిల్ము రెండు ముక్కలుగానే ఉంది. మళ్ళీ నొక్కింది. మూడోసారి నొక్కి, తన వేళ్ళ వంక తనే చూసుకుంది. నాకు నవ్వొచ్చింది, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ నిజంగానే నవ్వొచ్చింది.

"కోసేశాను" అంది.

"అతికించెయ్ వదినా!"

"అతికిస్తే ఒక ఫ్రేము పోతుంది. సరిగ్గా ఆ చెయ్యి దగ్గరే గెంతుతుంది."

నా బుర్ర చకచకా పనిచేసింది, అలాంటి పనులకే అది పనిచేస్తుంది. "లిస్టే తప్పొచ్చిందని చెబుదాం. కంప్యూటర్ మీదికి నెట్టేద్దాం. ఎవరడుగుతారు? అందరూ చేస్తున్నది అదేగా!"

నిజంగానే ఆ రోజుల్లో ల్యాబ్‌లో పాలు విరిగినా కంప్యూటర్ మీదికే నెట్టేవాళ్ళం.

"ఇన్నాళ్ళూ నేను చేసిన తప్పులన్నీ అదే దిద్దింది. దాని మీద నెట్టడానికి నాకు నోరెలా వస్తుందే?" అంది. అని, ఉన్నట్టుండి తలెత్తింది. ఆ కళ్ళలో ఏదో వెలిగింది. "నలభై ఒకటోది!" అని గ్లౌజులతోనే పరుగు లంకించుకుంది. నలభై ఏడేళ్ళ మనిషి, మెట్లు రెండేసి చొప్పున. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయింది.

పైన ఎడిటర్ గారు, అమ్మాయి ఉన్నారు. మా వదిన రొప్పుతూనే చెప్పేసింది. "సార్, సైకిల్ షాటు పదకొండు ఫ్రేములు ముందు కోసేశాను. తప్పు నాదే. లిస్టు బానే ఉంది."

ఎడిటర్ గారు "పదకొండా?" అన్నారు.

"అతికిస్తే గెంతుతుంది. కానీ ఆ కోత దగ్గర మధ్యలో పిల్ల ముఖం పెడితే గెంతు కనబడదు. ఆ ముఖం నెగెటివ్ ముట్టుకోకుండా అలాగే ఉంది నా దగ్గర. చెయ్యి రెండో ముక్క కూడా నిండుగా ఉంది. నేను ఒకరోజు ఇక్కడ అలా చేసి చూశాను... చెరిపేశాను. మళ్ళీ చేసి చూపిస్తాను."

"మళ్ళీ చెయ్యక్కర్లేదక్కా," అంది అమ్మాయి. "నువ్వు చెరిపింది నేను వెనక్కి తెచ్చి దాచాను. నాకు నచ్చింది."

తెర మీద వేసింది. సీటు మీద చెయ్యి. పరుగు. పిల్ల ముఖం, పళ్ళు బిగించి, కళ్ళు చిట్లించి. మళ్ళీ చెయ్యి. వదిలింది. వదిలి, అలాగే గాల్లో, మూయడానికి మనసొప్పనట్టు, వేళ్ళు తెరుచుకుని ఉండిపోయింది. అప్పుడు సైకిల్ దూరంగా.

ఎడిటర్ గారు నాలుగుసార్లు వేయించుకుని చూశారు. నేను ఎడిటర్ గారిని చూస్తున్నాను, మా వదిన నేల చూస్తోంది.

"ఇది నాకెందుకు తట్టలేదు?" అన్నారు ఆయన, ఎవరితోనో అన్నట్టు. ఆపైన కుర్చీ ఇటు తిప్పారు. "ఇన్ని రోజులుగా ఇది ఇక్కడ పెట్టుకుని నాకు ఒక్క మాట చెప్పలేదేమమ్మా?"

"తప్పు చేసేదాకా ధైర్యం రాలేదు సార్."

ఆయన ఫోన్ దగ్గరికి లాక్కున్నారు. డైరెక్టరుకి ఫోన్ చేసి సైకిల్ సీను మారుస్తున్నానని చెప్పారు. శబ్దం సరిచేసే సంగతి తను చూసుకుంటానంది అమ్మాయి. లిస్టు మళ్ళీ అచ్చయింది. ఈసారి దాని మీద ఫైనల్ అని ఎవరూ రాయలేదు.

అంతటితో వదిలెయ్యొచ్చు. లిస్టే మారింది కాబట్టి తప్పు మాయమైపోయింది, ఎవరికీ తెలిసే అవకాశం లేదు. బస్సులో చెప్పాల్సినంతా చెప్పాను, బతిమాలాను, ఆడపడుచు దర్పమంతా వాడేశాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి రిజిస్టర్ తెరిచి తన పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసింది: "సైకిల్ షాటు. పదకొండు ఫ్రేములు ముందు కోశాను. నా పొరపాటు." సంతకం చిత్తు కాగితం మీద పెట్టి చూసుకోలేదు.

మేనేజర్ చదివి కళ్ళజోడు తీశాడు. "ఎడిటర్ గారు ఏమీ లేదన్నారే. నువ్వు రాయకపోతే నాకు తెలిసేదే కాదు కదా?"

"తెలిసేది కాదు సార్. కానీ ఇన్నేళ్ళ తెల్ల పేజీ అబద్ధమైపోయేది."

"కుర్చీ సంగతి నేనేం చెప్పానో గుర్తుందా?"

"ఉంది సార్."

"మొదటి ప్రింటు రానీ. ఎక్కడ గెంతుతుందో చూసి అప్పుడు చెబుతాను." పుస్తకం టపీమని మూశాడు.

ఆ ప్రింటు తీసింది నేనే. నా చేతులకు చెమట పడుతుంది, ఆ రోజు మరీ పట్టింది. ప్రింటును ల్యాబ్ చిన్న హాల్లో పొద్దున పదింటికి వేశారు. ముందు వరసలో డైరెక్టరు, ఎడిటర్ గారు. వాళ్ళ వెనక మేనేజర్, ఒళ్ళో కాగితం, చేతిలో పెన్సిలు, తప్పు కనబడగానే రాసుకోవడానికి. ఆయన వెనక మేం. మా వదిన కాళ్ళు గాల్లో ఊగుతున్నాయి. ఎడమ చెయ్యి మా ఇద్దరి మధ్య కుర్చీ చేతి మీద ఉంది. రీలు రీలుకీ, ప్రతి అతుకు దగ్గరా ఆ రెండు వేళ్ళు చెక్కను నొక్కుతూనే ఉన్నాయి, ఏ తప్పూ లేకపోయినా. చిరాకేసి నా చెయ్యి తీసుకెళ్ళి ఆ వేళ్ళ కింద పెట్టాను. ఇక నా చెయ్యే నొక్కడం మొదలుపెట్టింది.

సైకిల్ వచ్చింది. సీటు మీద చెయ్యి, పరుగు. మా వదిన ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను. పిల్ల ముఖం. మళ్ళీ చెయ్యి. వదిలింది. ఆ ఖాళీ చెయ్యి తెరంతా నిండి, చీకట్లో మా అందరి ముందూ గాల్లో అలాగే ఆగింది. హాల్లో ఎవరో ముక్కు చీదారు.

నా చేతి మీద వేళ్ళు కదల్లేదు.

లైట్లు వేశారు. డైరెక్టరు ఎడిటర్ గారి భుజం పట్టుకుని ఏదో చెబుతున్నాడు, ఎడిటర్ గారు మాత్రం వెనక్కి తిరిగి మా వదిన వైపు వేలు చూపిస్తున్నారు. మేనేజర్ లేచి మా దగ్గరికొచ్చాడు. ఒక చేతిలో కాగితం, దాని మీద ఒక్క గీత లేదు. ఇంకో చేతిలో రుమాలు.

"గ్లౌజమ్మా, కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను. ఎక్కడా గెంతలేదు. నువ్వు రాసిన ఆ తప్పు ఇంతకీ ఎక్కడుంది?"

మా వదిన ఆయన చేతిలోని రుమాలు వంక చూసింది.

"మీరు కళ్ళు తుడుచుకున్నారే సార్, అక్కడ."

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి, పై గదిలో రెండో కుర్చీని వడ్రంగి బోర్లా పడేసి కాళ్ళు కోస్తున్నాడు. మేనేజర్ పక్కన నిలబడి, ఎంత కొయ్యాలో మూడుసార్లు కొలిచి చెబుతున్నాడు.